మొత్తం జనాభానా, జనసాంద్రతా, వయసా? దేశాల్ని దేనితో పోల్చాలి

గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్స్ పిల్లలకు జాగ్రఫీ చెప్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఒకరైనా అడుగుతారు: "సార్, దేశాల జనాభా పోల్చాలంటే ఏ లెక్క పట్టుకోవాలి?" పరీక్షకైతే అన్నీ కావాలి. దేశం ఎలా ఉందో తెలియాలంటే మాత్రం నా ఓటు ఒక్కదానికే.

ముందు తలల లెక్క. 2023 ఐక్యరాజ్యసమితి అంచనాల్లో మనం 142.86 కోట్లు, చైనా 142.57 కోట్లు. దాటేశామని టీవీల్లో ఒకటే హడావుడి. తేడా చూస్తే ముప్పై లక్షల లోపే. పైగా చైనా 2020లో జనాన్ని లెక్కపెట్టుకుంది. మనది 2011 నాటి 121 కోట్ల మీద కట్టుకుంటూ వచ్చిన అంచనా. అంత పాత పునాది మీద ముప్పై లక్షల తేడా పట్టుకుని పండగ చేసుకోవడం నాకు నచ్చదు. చిన్న దేశాల దగ్గర మాత్రం తలల లెక్క బాగా పనికొస్తుంది. ఐస్‌లాండ్ దేశమంతా కలిపినా నాలుగు లక్షలకు అటూఇటూ. మన గుంటూరు నగరమే 2011లో ఆరు లక్షల నలభై వేలు దాటింది. ఇలా చెప్తే పిల్లలు ఇక మర్చిపోరు.

జనసాంద్రత ఇంకాస్త నయం. బంగ్లాదేశ్ మన ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. అందులో 17 కోట్ల మంది; 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ఐదు కోట్ల లోపు. దసరాకి ముందు సాయంత్రం విజయవాడ బీసెంట్ రోడ్డులో నడిచినవాళ్లకి ఇక వివరించక్కర్లేదు. కానీ ఈజిప్టు దగ్గర ఈ లెక్క బోల్తా కొడుతుంది. చదరపు కిలోమీటరుకు నూరు పైచిలుకే అంటుంది. జనమేమో దాదాపు అందరూ నైలు నది వెంటే. ఎడారిని కూడా భాగహారంలో కలిపితే అంతే మరి.

వృద్ధి రేటు బిట్ల కోసం చదువుకోండి, చాలు.

నా ఓటు మధ్యగత వయసుకి. దేశంలో అందర్నీ వయసు వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడే మనిషి వయసు అది. జపాన్, ఇథియోపియా రెండూ పన్నెండు, పదమూడు కోట్ల ప్రాంతంలోనే ఉంటాయి. తలల లెక్కలో కవలలే. అయితే జపాన్‌లో నడిమి మనిషికి 49 దాకా ఉంటాయి, ఇథియోపియాలో 19 ఏళ్లే. ఒకచోట ముసలివాళ్లను చూసుకునే మనిషి దొరకడు, ఇంకోచోట బడిలో బెంచీలు చాలవు. చైనాకి 39, మనకి 28. మనవాడు అచ్చం మా బ్యాచ్‌లో కూర్చుని నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాడే! ఆంధ్రలో ఒక్కో తల్లికి సగటున 1.7 మంది పిల్లలే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. స్థానిక ఎన్నికల్లో పోటీకి పెట్టిన ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఎత్తేసింది కూడా అందుకే.

మొన్న ఒక అమ్మాయి అడిగింది, "మన వీధి మధ్యగతం ఎంతుంటుంది సార్?" సరదాగా లెక్క తీశాం. సొంత ఇళ్లవాళ్లనే తీసుకుంటే 61. పిల్లలంతా అమెరికాలో, హైదరాబాద్‌లో ఉన్నారాయె. మూడు హాస్టళ్లు కలిపేసరికి 20కి పడిపోయింది. ఖతార్‌దీ ఇదే కథ: అక్కడా సొంతవాళ్ల కంటే బయటి నుంచి పనికోసం వచ్చినవాళ్లే ఎక్కువ, మధ్యగతం వాళ్ల వయసునే చూపిస్తుంది.