పొగబెట్టిన స్కాచ్ ఎగ్: నూనె మూకుడు పక్కన పెట్టాక

ముందే నా తీర్పు చెప్పేస్తాను. ఉడికించిన గుడ్డు చుట్టూ సాసేజ్ మాంసం పొదిగి, బ్రెడ్ పొడి అద్ది, నూనెలో వేయించేది అసలు స్కాచ్ ఎగ్. నేను మాత్రం చాలాకాలంగా దాన్ని తక్కువ కొవ్వున్న కీమాతో, స్మోకర్‌లోనే (చెక్క పొగతో, తక్కువ వేడి మీద నెమ్మదిగా వండే మూత పొయ్యిలో) చేసుకుంటున్నాను. మళ్లీ మూకుడు వైపు వెళ్లాలని అనిపించలేదు. పైపొర కరకరలాడడం కొంత తగ్గింది, మాంసం రుచి మాత్రం బాగా పెరిగింది. అయితే పొగబెట్టినంత మాత్రాన వంట ఆరోగ్యకరమైపోతుందని నేను ఒప్పుకోను. ఇక్కడ మేలు జరిగేది కీమా మనమే కలుపుకోవడం వల్ల, నూనెలో ముంచకపోవడం వల్ల. పొగ రుచి కోసమే. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

స్కాచ్ ఎగ్ పేరులో స్కాట్లాండ్ వినిపించినా, దీన్ని 1738లో తామే తయారు చేశామని లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం చెప్పుకుంటుంది. ప్రయాణాల్లో చేత్తో పట్టుకుని తినడానికి వీలైన తిండిగా మొదలైందన్నది వాళ్ల మాట. అందుకు తగ్గట్టే అది గట్టి తిండి. మామూలు పంది సాసేజ్ మాంసంలో నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కొవ్వే ఉంటుంది. గుడ్డుకు 100 గ్రాముల మాంసం పట్టిస్తే అందులోనే 25 గ్రాముల కొవ్వు. గుడ్డు సొంత కొవ్వు మరో 5 గ్రాములు. ఆపైన బ్రెడ్ పొడి పీల్చుకునే నూనె. చర్మం తీసిన కోడి మాంసంతో, వేయించకుండా చేస్తే మొత్తం కలిపి 10, 12 గ్రాముల దగ్గర ఆగుతుంది. ప్రోటీన్ ఏమీ తగ్గదు. నన్ను ఈ పద్ధతికి కట్టిపడేసిన లెక్క ఇదే.

ఇక కీమా సంగతి. పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. కేవలం రొమ్ము మాంసం వాడితే స్మోకర్‌లో గంటసేపు ఉండేసరికి పొడిబారి, కోస్తే పొరలు పొరలుగా రాలిపోతుంది. తొడ మాంసం రెండు వంతులు, రొమ్ము మాంసం ఒక వంతు కలిపితే చక్కగా కుదురుతుంది. కొవ్వు తగ్గించినప్పుడు పోయే మెత్తదనాన్ని తిరిగి తేవడానికి నేను పుట్టగొడుగులు వాడతాను. వాటిని సన్నగా తరిగి, నీరంతా ఇగిరిపోయేదాకా పొడి పెనం మీద వేయించి, పూర్తిగా చల్లార్చి కలపాలి. పచ్చివి కలిపితే లోపల నీరు ఊరి, మాంసం గుడ్డును వదిలేస్తుంది. ఉల్లిపాయ తురిమినా అంతే, గట్టిగా పిండాకే వేయాలి. అరకిలో కీమాకు రెండు చెంచాల ఓట్స్ పొడి చాలు. వెల్లుల్లి, మిరియాలు, కొంచెం మిరపపొడి, సేజ్, థైమ్ లాంటి ఎండిన సువాసన ఆకులు ఉంటే అవీ వేస్తాను.

ఉప్పు దగ్గర జాగ్రత్త. సాసేజ్ మాంసంలో ఉప్పు రుచికి మాత్రమే కాదు, మాంసంలోని ప్రోటీన్‌ను బయటికి లాగి జిగురులా పట్టి ఉంచేది కూడా అదే. పూర్తిగా మానేస్తే ముద్ద నిలవదు. అరకిలోకు 6 గ్రాములు వేసి, చల్లటి కీమాను చేత్తో నాలుగైదు నిమిషాలు బాగా మర్దిస్తే సరిపోతుంది. అరచేతికి అంటుకుని, చెయ్యి బోర్లిస్తే కింద పడకుండా ఉండాలి. అదే గుర్తు. అరకిలోతో ఐదు గుడ్లు అవుతాయి కాబట్టి ఒక్కోదానికి సుమారు 1.2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తం మీద 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న లెక్కలో అది నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. తక్కువేమీ కాదు, కానీ ప్యాకెట్ సాసేజ్‌లలా మన చేతిలో లేని లెక్క కాదు.

గుడ్లు మరీ తాజావి వద్దు. కొత్త గుడ్డులో తెల్లసొన పెంకు లోపలి పొరకు అంటుకుని, ఒలిచేటప్పుడు ముక్కలు ముక్కలుగా లేచిపోతుంది. వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఉన్నవి నున్నగా వస్తాయి. మరుగుతున్న నీళ్లలోకి నేరుగా దించి ఆరు నిమిషాలు ఉంచి, వెంటనే ఐస్ నీళ్లలో వేస్తాను. ఒలిచాక మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబడనిస్తాను. ఈ చల్లదనం ముఖ్యం. పైన మాంసం ఉడికేలోపు పచ్చసొన గట్టిపడకుండా కాసేపైనా ఆపేది అదే.

చుట్టడానికి ప్లాస్టిక్ పేపర్ లేదా బటర్ పేపర్ మధ్య 100 గ్రాముల కీమాను అప్పడంలా ఒత్తి, గుడ్డును తుడిచి, ఓట్స్ పొడిలో ఒకసారి దొర్లించి మధ్యలో పెట్టి మూసేస్తాను. తడి గుడ్డు మీద మాంసం నిలవదు, ఆ పొడి రెండింటినీ పట్టి ఉంచుతుంది. గుడ్డు రెండు కొనల దగ్గర పొర పలచబడుతుంటుంది. వేడికి మాంసం ముడుచుకున్నప్పుడు పగులు వచ్చేది అక్కడే, కాబట్టి తడి వేళ్లతో కొనల వైపు మాంసం నెట్టి సమం చేయాలి. చుట్టాక మూత పెట్టకుండా అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే పైభాగం కాస్త ఆరి జిగటగా తయారవుతుంది. చల్లగా, జిగటగా ఉన్న పైపొరకు పొగ బాగా పడుతుంది.

ఇప్పుడు నిప్పు. స్మోకర్ 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉంటే చాలు. యాపిల్, చెర్రీ లాంటి పండ్ల చెట్ల చెక్క కోడి మాంసానికి, గుడ్డుకు బాగా నప్పుతుంది. ఘాటైన పొగనిచ్చే హికరీ చెక్క కొంచెం వేస్తే పర్వాలేదు. అంతకంటే ఘాటైన మెస్కీట్ చెక్క మాత్రం ఇంత చిన్న వంట రుచిని మింగేస్తుంది, నేను వాడను. పైన్, దేవదారు లాంటి జిగురు కలప, రంగు వేసిన చెక్క, ఫర్నిచర్ ముక్కలు అసలు దగ్గరికి రానీయకూడదు. చెక్క ముక్కల్ని నీళ్లలో నానబెట్టాలని చాలాచోట్ల చెబుతారు. దానివల్ల ముందు ఆవిరి వస్తుంది, పొగ ఆలస్యమవుతుంది, అంతకుమించి లాభం లేదు. పొడి చెక్కే మంచిది.

పొగ రంగు చూడటం నేర్చుకోవడం మీద ఈ వంటంతా ఆధారపడి ఉంది. మొదట చిక్కటి తెల్ల పొగ వస్తుంది. చెక్క సరిగా మండక, గాలి అందక వచ్చే పొగ అది. అందులో గుడ్లు పెడితే మాంసం మీద మసి రంగు చేదు పొర పేరుకుంటుంది, ఎన్ని మసాలాలు వేసినా ఆ చేదు పోదు. గాలి రంధ్రాలు తెరిచి, మంట కుదురుకుని, పలచగా నీలంగా కనీకనిపించని పొగ వచ్చేదాకా ఆగాలి. పొగ కనిపించకపోతే టెన్షన్ పడి ఇంకా చెక్క వేసేవాళ్లు ఎక్కువ. గాలి రంధ్రం దగ్గర పొగ వాసన తగులుతుందా లేదా చూడండి, తగిలితే పని జరుగుతున్నట్టే.

ప్రత్యేకంగా స్మోకర్ లేకపోయినా మూత ఉన్న కెటిల్ గ్రిల్ (గుండ్రటి బొగ్గుల పొయ్యి) సరిపోతుంది. బొగ్గు ఒక పక్కకు నెట్టి, దానిమీద ఒక్క చెక్క ముక్క వేసి, గుడ్లను రెండో పక్క పెట్టాలి. గుడ్ల కింద నీళ్లు పోసిన చిన్న ట్రే ఉండాలి. మూతకున్న గాలి రంధ్రం గుడ్ల వైపు ఉండేలా తిప్పితే పొగ వాటి మీదుగా పోతుంది. ఎలక్ట్రిక్ స్మోకర్లలో, చెక్క పొడి గుళికలతో నడిచే పెల్లెట్ స్మోకర్లలో వేడి సర్దుకునే గొడవ ఉండదు, కానీ పొగ రుచి కాస్త తేలికగా ఉంటుంది. ఈ వంటకు ఆ తేలికదనం లోపం కాదనే నా అభిప్రాయం. ఏది వాడినా ఆరుబయటే. బొగ్గు పొగలో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. గదిలోనో, తలుపు తీసిన గ్యారేజీలోనో పెట్టడం ప్రాణాంతకం.

గుడ్ల కింద పెట్టే ఆ నీళ్ల ట్రే వల్ల ఒక పెద్ద లాభం ఉంది. కొవ్వు నిప్పుల మీద కారి మండినప్పుడు పీఏహెచ్‌లు అనే హానికర పదార్థాలు పుట్టి, పొగతోపాటు పైకి వచ్చి మాంసం మీద చేరతాయి. చెక్క సరిగా మండకపోయినా అవి తయారవుతాయి. తక్కువ కొవ్వున్న కీమా, నిప్పుకు దూరంగా వండటం, కింద ట్రే, పలచటి పొగ, ఈ నాలుగూ కలిస్తే వాటిని చాలావరకు తగ్గించవచ్చు. పూర్తిగా పోతాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఉప్పులో ఊరబెట్టడం, నిల్వ రసాయనాలు పట్టించడంతోపాటు పొగబెట్టడాన్ని కూడా ఆ నిర్వచనంలో లెక్కేసింది. మనం నైట్రైట్ అనే నిల్వ రసాయనం వేయకపోయినా, కీమా ఇంట్లోనే కొట్టించినా, పొగబెట్టినది పొగబెట్టినదే. అందుకే మా ఇంట్లో ఇది ఎప్పుడో ఒకసారి, నలుగురూ కూర్చుని తినే రోజున చేసుకునే వంట. రోజువారీ ప్రోటీన్ కోసం అయితే ఇదే కీమాను పొగ లేకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర చేయడం మంచిది. కొవ్వు లెక్క అక్కడా మారదు.

ఉడికిందో లేదో తెలుసుకోవడానికి థర్మామీటర్ తప్ప వేరే దారి లేదు. పొగ తగిలిన కోడి మాంసం పూర్తిగా ఉడికినా లోపల గులాబీ రంగులో ఉండొచ్చు. పొగలోని వాయువులు మాంసంలోని రంగు పదార్థంతో కలవడం వల్ల అలా అవుతుంది, కాబట్టి రంగు చూసి ఏమీ చెప్పలేం. కోడి కీమా 74 డిగ్రీలకు చేరాలి. పంది, గొర్రె, గొడ్డు కీమా అయితే 71 చాలు. ఇవి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకెలు. సూదిని నిటారుగా గుచ్చితే గుడ్డులోకి దిగి తక్కువ చూపిస్తుంది. పక్కవాటుగా, మాంసం పొరలోనే ఉండేలా జారవిడవాలి. ఫ్రిజ్‌లోంచి తీసినవి నాకు గంట నుంచి గంటా పదిహేను నిమిషాల్లో తయారవుతాయి. గాలి ఎక్కువున్న రోజు ఇంకొంచెం పడుతుంది.

ఇక నచ్చని విషయాలు. కారే పచ్చసొన కోసమే స్కాచ్ ఎగ్ తినేవాళ్లకు ఇది ఆశాభంగమే. నూనెలో అయితే మాంసం కొన్ని నిమిషాల్లో ఉడికి పచ్చసొన అలాగే ఉండిపోతుంది. ఇక్కడ గంటసేపు నెమ్మదిగా వేడి లోపలికి పాకుతుంది. ఎంత చల్లటి గుడ్డుతో మొదలుపెట్టినా మధ్యలో మెత్తగా, వెన్నలా ఉండే పచ్చసొన వరకే సాధ్యం. అది కావాలన్నా 74 చూడగానే తీసేయాలి. అక్కడే వదిలేస్తే పచ్చసొన పొడిగా మారి, దాని చుట్టూ ఆకుపచ్చ బూడిద రంగు వలయం వస్తుంది. గుడ్డులోని గంధకం, ఇనుము కలిసి ఏర్పడే వలయం అది. తినడానికి ఇబ్బంది లేదు కానీ చూడటానికీ, వాసనకూ బాగోదు.

రెండోది కరకర. 120 డిగ్రీల్లో బ్రెడ్ పొడి ఎర్రబడదు, మెత్తబడి తడి గుడ్డలా అంటుకుంటుంది. నా పద్ధతి ఇది: బ్రెడ్ పొడిని ఒక చెంచా నూనెతో పెనం మీద ముందే బంగారు రంగుకు వేయించి పెట్టుకుంటాను. గుడ్లు 65 డిగ్రీల దాకా పొగలో ఉన్నాక తీసి, పలచగా తెల్లసొన రాసి, ఆ పొడిలో దొర్లించి, బాగా వేడెక్కిన 220 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి 74 చేరేదాకా ఉంచుతాను. పొగంతా మాంసానికే పడుతుంది, పొడి కరకరలాడుతుంది. ఆ పని ఎక్కువనిపిస్తే పొడి మానేయండి. మిరియాలు, మిరపపొడి పైన అద్ది అలాగే పొగబెట్టినా మంచి ముదురు రంగు వస్తుంది, నిజానికి మా ఇంట్లో అందరికీ అదే ఎక్కువ ఇష్టం.

తీసిన వెంటనే కోయకుండా ఐదు నిమిషాలు ఆగితే రసం లోపలే నిలుస్తుంది. పక్కన మయొనీజ్‌కు బదులు గట్టి పెరుగులో ఆవాల ముద్ద, నిమ్మరసం కలిపినది పెడతాను. పొగ రుచికి పులుపు తగిలితేనే నోరు విసుగెత్తదు. మిగిలినవి రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు రోజుల దాకా బాగుంటాయి, రెండో రోజు పొగ రుచి మాంసంలోకి ఇంకి ఇంకా బాగుంటుంది కూడా. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, తెల్లసొన రబ్బరులా సాగి నీరు వదులుతుంది. మైక్రోవేవ్‌లో మొత్తం గుడ్డును వేడి చేయడమూ ప్రమాదమే, లోపల ఆవిరి పట్టి పేలవచ్చు. సగానికి కోసి ఓవెన్‌లో వేడి చేసుకోండి, లేదా చల్లగానే తినండి.