క్యాసియో 991ఈఎక్స్: పీ అండ్ ఎస్ పేపర్ ఉన్నవాళ్ల కోసం

బీటెక్‌లో చేరగానే సీనియర్లు క్యాసియో కాలిక్యులేటర్లలో 991ఎంఎస్ కొనుక్కోమంటారు. ధర తక్కువ, గట్టిది, ఎవరినడిగినా వాడడం నేర్పేస్తారు, దానికి వంక పెట్టను. కానీ ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ (పీ అండ్ ఎస్) పేపర్ ఉంటే ఇంకొంచెం డబ్బు వేసుకుని 991ఈఎక్స్ తీసుకోండి. రెండూ వాడి చెబుతున్నా.

ఆల్జీబ్రాలో తేడా చిన్నదే. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4ఎక్స్ ప్లస్ 1 ఈక్వల్స్ 0 ఇస్తే ఎంఎస్ ఒక జవాబుగా 3.732050808 అంటుంది, అది 2 ప్లస్ రూట్ 3 అని మనమే పోల్చుకోవాలి. ఈఎక్స్ పుస్తకంలో ఉన్నట్టే రూట్‌తో చూపిస్తుంది.

అసలు ఉపయోగం స్టాటిస్టిక్స్‌లో. ఎంఎస్‌లో ఒక్కో విలువ కొట్టి ఎం ప్లస్ నొక్కుకుంటూ పోవాలి, మధ్యలో ఎవరైనా పలకరించారా, ఎక్కడిదాకా కొట్టామో వెతుక్కోవాలి. ఈఎక్స్‌లో అంతా టేబుల్‌లో కళ్లెదుటే ఉంటుంది, తప్పు పడితే ఆ గడిలోకి వెళ్లి మార్చుకోవడమే. అయితే ఫ్రీక్వెన్సీ కాలమ్ కావాలంటే సెటప్‌లో ముందే ఆన్ చేసుకోండి, డేటా అంతా కొట్టాక ఆన్ చేస్తే మొత్తం చెరిగిపోతుంది (పరీక్షలో ఇలా జరిగితే ఆ టెన్షన్ వేరే చెప్పాలా). ఇంకోటి, రిజల్ట్‌లో సిగ్మా (మొత్తం పాపులేషన్‌కి స్టాండర్డ్ డీవియేషన్), ఎస్ (శాంపిల్‌కి) రెండూ వస్తాయి. 2, 4, 4, 4, 5, 5, 7, 9 వేస్తే సిగ్మా 2, ఎస్ 2.138. శాంపిల్ అని ప్రశ్నలో ఉంటే ఎస్ తీసుకోవాలి, ఆ తేడా మిషన్‌కి తెలీదు.

డిస్ట్రిబ్యూషన్ మెనూ కోసమే నేనైతే డబ్బు పెడతాను. బైనామియల్, పాయిజాన్, నార్మల్ మూడూ ఉన్నాయి. కానీ బైనామియల్ సీడీ (క్యుములేటివ్, అంటే అక్కడిదాకా కలిపిన మొత్తం) "ఇంత లేదా అంతకంటే తక్కువ" అన్న దానికే జవాబిస్తుంది. పది బల్బుల్లో కనీసం రెండు పాడైనవి ఉండే అవకాశం ఎంత, ఒక్కోటి పాడయ్యే అవకాశం 0.1 అంటే, ఎక్స్ దగ్గర 2 కాదు, 1 వేయాలి, వచ్చిన 0.7361ని ఒకటిలోంచి తీసేస్తే 0.2639. "కనీసం" అన్న మాట చూడకుండా 2 కొట్టేస్తే అది కూడా చక్కగా ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. ఎంఎస్ వాళ్లు నిరాశపడక్కర్లేదు, ఎస్‌డీ మోడ్‌లో (స్టాటిస్టిక్స్ లెక్కల మోడ్) షిఫ్ట్ 3 నొక్కితే నార్మల్ టేబుల్ విలువలు అందులోనూ వస్తాయి, చాలామందికి తెలీదంతే.

ఈఎక్స్ స్టెప్స్ చూపించదు కాబట్టి జవాబు సరిచూసుకోవడానికే వాడండి, పేపర్ మీద ఫార్ములా రాయకపోతే మార్కులు రావు. పరీక్షకి ఏ మోడల్ రానిస్తారో కాలేజీలో అడిగి కొనండి. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్‌కి చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ అసలు కొనకండి, హాల్లోకి ఏ కాలిక్యులేటరూ రానివ్వరు. షాపులో ఈఎక్స్ బదులు కొత్త 991సీడబ్ల్యూ చూపిస్తే ఒకసారి చేతిలోకి తీసుకుని నొక్కి చూడండి, బటన్ల అమరిక బాగా మారింది, ఎంఎస్‌కి అలవాటుపడ్డ వేళ్లకి కొన్నాళ్లు ఇబ్బందే.