ఆరేళ్ల సైడ్ వీల్స్ బండి: కిట్ కన్నా బిగింపే ముఖ్యం

నాకు పోలియోతో ఎడమ కాలు పనిచేయదు. 2019లో గేర్లు లేని 110 సీసీ స్కూటీ కొని వెనక రెండు పక్కలా చక్రాలు పెట్టించాను. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లికి రోజూ పోయి రావడమే, ఆరేళ్లలో 61 వేల కిలోమీటర్లు దాటింది.

అందరూ కిట్ ఏ కంపెనీది అనే అడుగుతారు. అది తర్వాతి సంగతి, ముందు చూడాల్సింది పక్క చక్రాల ఎత్తు. మొదట బిగించినాయన "పడిపోవద్దు కదా అన్నా" అని రెండింటినీ బాగా కిందికి దించేశాడు. బరువంతా వాటి మీదే పడి, అసలు వెనక చక్రానికి పట్టు లేకుండా పోయింది. ఒక వానరోజు మా గల్లీ గుంతలో పక్క చక్రాలు రెండూ అటూ ఇటూ గట్ల మీద కూర్చున్నాయి, మధ్య చక్రం గాల్లో గిర్రున తిరుగుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. దిగి నెట్టే పరిస్థితి నాకు లేదాయె. ట్యూషన్ నుంచి వస్తున్న పిల్లలు లేపారు. తర్వాత మిర్యాలగూడలో ఇంకో మెకానిక్ నన్ను బండి మీద కూర్చోబెట్టి, నా బరువుతో కొలిచి, చక్రాలను కాస్త పైకి జరిపాడు. వేలెడంత తేడా, బండి వేరే బండి అయిపోయింది.

మలుపులో ఇది ఒరగదు. వేగం తగ్గించి హ్యాండిల్ తిప్పాలి, లేదంటే బయటివైపుకు విసిరేస్తుంది. ఇది ఒంటికి పట్టడానికి నాకు నెల పట్టింది. రోడ్డు అంచు వాలుగా ఉంటే ఎడమకే లాగుతుంది, ఇంటికొచ్చేసరికి భుజం పీకుతుంది. ఇక వడ్ల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, వాటి చుట్టూ రాళ్లు, మిగిలిన సందులో మామూలు బండ్లు దూరిపోతాయి, మనది పట్టదు. ఒకసారి రాయి తగిలి రిమ్ము వంగింది. రైతునేమంటాం, కల్లం లేకనే కదా రోడ్డెక్కింది.

మైలేజీ 45 నుంచి 36కి పడింది, దానికి సిద్ధపడాల్సిందే. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో ఇలాంటి మార్పులకు చోటిచ్చారు, కానీ ఆర్సీలో ఎక్కించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి, లేకపోతే క్లెయిమ్ నాడు టెన్షన్.

వెనక్కి తీయడం ఒక్కటే ఇప్పటికీ యాష్ట. కాలితో నెట్టలేను కాబట్టి ఎక్కడ ఆపినా ముందు చక్రం రోడ్డు వైపుండేలా ఆపుతా. రివర్స్ గేర్ కిట్లు దొరుకుతాయి గానీ, క్లాక్ టవర్ దగ్గర ఎవరో ఒకరు "అన్నా, తీయనా" అంటూనే ఉంటారు, అందుకే ఇంకా పెట్టించలేదు.