లైనక్స్‌లో ఈ 4జీ డాంగిల్: పనిచేస్తుంది, బతిమాలితే

సిమ్ వేసి యూఎస్‌బీకి పెడితే నెట్ ఇచ్చే ఈ డాంగిల్ పెట్టె మీద ‘లైనక్స్‌లోనూ పనిచేస్తుంది’ అని గొప్పగా రాశారు. ఎలాగో మాత్రం లోపలి కాగితంలో ఒక్క ముక్క లేదు. కంపెనీ పేరెందుకు గానీ, ఈ జాతి డాంగిల్స్ చాలా వాటిది ఇదే తంతు.

ల్యాప్‌టాప్‌కు పెట్టగానే మోడెమ్‌కు బదులు విండోస్ డ్రైవర్లున్న సీడీ డ్రైవ్ ప్రత్యక్షమైంది. ఇలాంటి పరికరాలను మోడెమ్‌గా మార్చే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసి, తీసి మళ్లీ పెడితే గానీ వేషం మార్చలేదు. తగిలించిన యూఎస్‌బీ పరికరాలను చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) ఆదేశం ఇచ్చే జాబితాలో తయారీదారు సంఖ్య అదే, పరికరం సంఖ్య మాత్రం కొత్తది. మారినట్టు గుర్తు అదే.

అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. సిగ్నల్ నిండుగా ఉంది, లైనక్స్‌లో మోడెమ్‌లను నడిపే సేవ మోడెమ్‌మేనేజర్ ‘నమోదైంది’ అంటోంది, కనెక్ట్ నొక్కితే క్షణాల్లో తెగిపోతోంది. ఇలాంటప్పుడు టవర్‌ను తిట్టుకుని లాభం లేదు. నెట్‌వర్క్‌లో నమోదు కావడం వేరు, డేటా దారి తెరుచుకోవడం వేరు. మోడెమ్‌మేనేజర్ ఆదేశం ఎంఎంసీఎల్‌ఐ (mmcli)తో చూస్తే సిమ్‌కు పిన్ తాళమేమీ లేదు. దోషి ఏపీఎన్, అంటే సిమ్ కంపెనీ డేటా నెట్‌వర్క్‌కు దారి చూపే పేరు! కనెక్షన్ సెట్టింగుల్లో ఉన్నది నా సిమ్ కంపెనీది కానే కాదు. ఆ ఒక్క పదం దిద్దగానే లైను నిలబడింది.

వేగానికి వంక పెట్టను, వీడియో కాల్స్ హాయిగా సాగుతున్నాయి. కానీ ల్యాప్‌టాప్ నిద్రలేచినప్పుడల్లా మోడెమ్ మాయం; మోడెమ్‌మేనేజర్ సేవను పునఃప్రారంభిస్తేనే తిరిగొస్తుంది. ఐదుకు మూడు చుక్కలు. ఆ రెండూ కోసింది పెట్టె మీది రాతకే.