నాలుగేళ్లుగా రోజూ సెలైన్ ఎనీమా: పేగు ఆపరేషన్ తర్వాత మా బాబుతో మా అనుభవం

మా బాబుకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం ఏడింటికి ఇంట్లోనే వాడికి సెలైన్ ఎనీమా ఇస్తున్నాం, అంటే మలద్వారం నుంచి ట్యూబుతో ఉప్పునీళ్లు ఎక్కించి పేగు ఖాళీ చేయించడం. మిక్సీ కొనాలన్నా ముందు వాడినవాళ్లను నాలుగు మాటలు అడుగుతాం కదా. దీని గురించి అడుగుదామంటే అప్పట్లో మాకు ఒక్కరూ దొరకలేదు. దొరికి ఉంటే మా వాడు బడిలో వేసిన ఏడాది అంత కష్టపడేవాడు కాదు.

వాడికి పుట్టుకతో హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు. సుమారు ఐదు వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. పెద్దపేగు చివర ఉండాల్సిన నరాల కణాలు ఉండవు. ఆ భాగం బిగుసుకుపోయి మలాన్ని కిందికి వదలదు. పుట్టి రెండు రోజులైనా మొదటి నల్లటి మలం పడలేదు, పొట్ట ఉబ్బిపోయింది, ఆకుపచ్చగా వాంతి చేసుకున్నాడు. పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీలో విషయం తేలింది. ముందు పొట్ట మీద స్టోమా పెట్టారు, అంటే మలం బయటికి రావడానికి పేగుకి అక్కడ దారి చేయడం. పది నెలలప్పుడు పాడైన భాగం తీసేసి, పైనున్న మంచి పేగును కిందికి లాగి కలిపారు. దాన్ని పుల్ త్రూ అంటారు. ఆ తర్వాత స్టోమా మూసేశారు. ఆపరేషన్లన్నీ ఆరోగ్యశ్రీలోనే అయ్యాయి. ఇక గండం గడిచిందనుకున్నాం.

బడిలో వేశాక అసలు సంగతి మొదలైంది. రోజుకి నాలుగైదు చెడ్డీలు పాడయ్యేవి. వాడికి తెలియకుండానే పల్చగా, కొంచెం కొంచెంగా కారేది. పక్కన కూర్చునే పిల్లలు జరిగి కూర్చునేవాళ్లు. ఇంట్లో అందరం అవి విరేచనాలనే అనుకున్నాం. పెరుగన్నం పెట్టాం, మజ్జిగ తాగించాం. ఊళ్లో చూపిస్తే మోషన్లు కట్టడానికి సిరప్ రాశారు, అదీ వేశాం. పొట్ట ఇంకా గట్టిపడింది, అన్నం సగంలోనే వద్దనేవాడు.

హైదరాబాద్‌లో సర్జన్ గారు పొట్ట నొక్కి చూసి ఎక్స్‌రే తీయించారు. ఫిల్మ్‌ని వెలుతురుకి పట్టి, మచ్చలు మచ్చలుగా కనిపించేదంతా వేలితో చూపించారు. "ఇదంతా లోపల పేరుకుపోయిన మలమేనమ్మా. పక్క నుంచి కారుతున్నదే మీకు కనిపిస్తోంది. ఇది మలబద్ధకం, విరేచనాలు కాదు" అన్నారు. మేం ఇన్నాళ్లూ సరిగ్గా తిరగేసి వైద్యం చేశామని అక్కడ అర్థమైంది. ఇలాంటి ఆపరేషన్ అయిన పిల్లలున్న తల్లిదండ్రులకి నేను చెప్పే మొదటి మాట ఇదే: చెడ్డీలో మరకలు పడుతున్నాయని మోషన్లు ఆపే మందు మీ అంతట మీరు వేయకండి. పేగు మరీ ఎక్కువగా కదలడం వల్ల కారే పిల్లలూ ఉంటారట, వాళ్లకి ఆ మందే సరైనది. మీ పిల్లలది ఏదో పొట్ట చూసి, ఎక్స్‌రే చూసి డాక్టరే చెప్పాలి.

పేగులు కలిపిన చోట ఇరుకైందేమో ముందు పరీక్ష చేశారు. ఇరుకు లేదు. ఆ తర్వాత వారం రోజులు హైదరాబాద్‌లోనే మా చిన్నమ్మ వాళ్లింట్లో ఉన్నాం. రోజూ ఎనీమా ఇవ్వడం, పొట్ట ఖాళీ అయిందో లేదో ఎక్స్‌రేలో చూడడం, మర్నాడు కొలత మార్చడం. సెలైన్ ఒక్కదానితో పూర్తిగా కదలకపోతే గ్లిజరిన్ కలపమన్నారు. ఐదో రోజుకి కుదిరింది. మా కొలత ఇక్కడ కావాలనే రాయడం లేదు. బరువుని బట్టి, పేగుని బట్టి ఒక్కో బిడ్డకి ఒక్కో లెక్క.

ఇప్పుడు రోజూ జరిగేది ఇది. బాత్రూమ్ తలుపు పైన మేకుకి బ్యాగ్ తగిలిస్తాం. సెలైన్ గోరువెచ్చగా ఉందో లేదో మణికట్టు మీద పోసి చూసుకుంటాను. వాడు ఎడమ పక్కకి తిరిగి, కుడి మోకాలు పొట్టకేసి మడుచుకుని పడుకుంటాడు. వాడేది ఫోలీ ట్యూబు. లోపలికి పంపాక చివరనున్న చిన్న బెలూన్ నింపి మెల్లగా కిందికి లాగితే బిరడాలా పట్టుకుంటుంది, నీళ్లు బయటికి కారవు. బెలూన్ లేని ట్యూబుతో మొదట్లో సగం నీళ్లు దుప్పటి మీదే పోయేవి. సెలైన్ మొత్తం వెళ్లడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టాలి. ఒకసారి తొందరపడి, నీళ్ల వేగం తగ్గించే క్లాంపు పూర్తిగా వదిలేశాను. వాడి ముఖం పాలిపోయింది, నుదుటి మీద చెమటలు, కడుపులో మెలిపెట్టి ఏడ్చాడు. అప్పటి నుంచి నా వేలు ఆ క్లాంపు మీదే ఉంటుంది, కళ్లు వాడి ముఖం మీద. పది నిమిషాలు ఆపుకున్నాక బెలూన్ ఖాళీ చేసి ట్యూబు తీస్తాను, కమోడ్ మీద కూర్చుంటాడు. కాళ్లు వేలాడకుండా కింద పీట వేస్తాం. అదొక ముప్పావుగంట. తెలుగు వాచకం, ఎక్కాలు అన్నీ అక్కడే అయిపోతాయి. వాడు దీనికి "నీళ్ల పని" అని పేరు పెట్టుకున్నాడు, ఇంట్లో అందరం అలాగే అంటాం.

ట్యూబుకి రాయడానికి కొబ్బరినూనె చాలదా అని మా అత్తయ్య అడిగారు. మంచి ప్రశ్నే. కానీ నూనె తగిలితే రబ్బరు బెలూన్ పాడవుతుంది. నీటితో చేసిన జెల్లీయే వాడాలి. మేం ఇది తెలియక మొదటి నెలలోనే రెండు ట్యూబులు పాడుచేశాం. ఇప్పుడు లోపల పెట్టే ముందు ప్రతిసారీ బయటే బెలూన్ నింపి చూస్తాను.

ఇంకా ముఖ్యమైనది నీళ్ల సంగతి. ఉప్పు లేని మామూలు నీళ్లు పెద్ద మొత్తంలో ఎక్కిస్తే ఒంట్లో సోడియం పడిపోతుంది, చిన్నపిల్లలకి ప్రమాదం. మొదట్లో సెలైన్ సీసాలే కొన్నాం. తర్వాత డాక్టర్ గారు సరేనంటే కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే కలుపుతున్నాం: లీటరుకి 9 గ్రాముల ఉప్పు, అంటే 5 మి.లీ. కొలత చెంచాతో ఒకటిన్నర, పైన గీసి సమంగా. కంటి అంచనా పనికిరాదు. ఒకసారి మందుల షాపులో ఎనీమా అంటే ఫాస్ఫేట్ ఉన్న రెడీమేడ్ బాటిల్ చేతిలో పెట్టారు. అనుమానం వచ్చి డాక్టర్‌కి ఫోన్ చేస్తే అస్సలు వద్దన్నారు. పేగు సరిగ్గా ఖాళీ కాని పిల్లల్లో ఆ ఫాస్ఫేట్ రక్తంలోకి ఎక్కి కాల్షియం పడిపోతుందట.

ఎంతవరకు పనిచేసింది? రాత్రి శుభ్రంగా ఖాళీ అయితే మర్నాడు సాయంత్రం దాకా చెడ్డీ పొడిగా ఉంటుంది. నెలకి ఒకటి రెండు రోజులు మరక పడుతుంది, ఎక్కువగా మామిడిపళ్ల కాలంలో. అన్నం బాగా తింటున్నాడు, బరువు పెరిగాడు. పిరుదుల మధ్య పచ్చి పుండులా ఉండే చర్మం మానింది. అంతకుముందు జింక్ ఆక్సైడ్ క్రీమ్ డబ్బాలు డబ్బాలు అయ్యేవి. రెండో క్లాసులో వాడు మొదటిసారి పిక్నిక్‌కి వెళ్లాడు. బ్యాగులో అడుగున పెట్టిన రెండు చెడ్డీలు మడత విప్పకుండా తిరిగొచ్చాయి. వాటిని బీరువాలో పెడుతూ ఏడ్చేశాను.

కష్టాలూ ఉన్నాయి. రోజుకి గంటన్నర దీనికే పోతుంది. సాయంత్రం పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాం. సంక్రాంతికి అమ్మ వాళ్ల ఊరెళితే అక్కడ కమోడ్ లేదు, ప్లాస్టిక్ కుర్చీ కమోడ్ బస్సులో వేసుకెళ్లాం. ట్యూబులు, జెల్లీ, గ్లిజరిన్ అన్నీ మా జేబులోంచే, నెలకి ఏడు వందల దాకా అవుతుంది. రెండో మనిషికి కూడా ఇది వచ్చి తీరాలి. నాకు టైఫాయిడ్ వచ్చిన పది రోజులూ మా ఆయనే చేశారు, అంతకుముందు నేర్చుకోబట్టే సరిపోయింది.

ఎనీమా ఇస్తున్నాం కదా అని ఒక ప్రమాదాన్ని మర్చిపోకూడదు. ఆపరేషన్ అయ్యాక కూడా ఈ పిల్లలకి ఎంటరోకొలైటిస్ రావచ్చు, అంటే పేగుల్లో వాపు. ఏడాదిన్నర వయసులో మా వాడికి వచ్చింది. జ్వరం, డోలు లాంటి పొట్ట, ఒక్కసారిగా చిమ్మినట్టు కుళ్లు వాసనతో మోషన్, పిల్లాడు వడలిపోయాడు. దాన్ని మామూలు మోషన్లనుకుని ఇంట్లో ఓఆర్ఎస్ పట్టిస్తూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో సెలైన్‌తో వాషౌట్ చేశారు. కొంచెం ఎక్కించి అదే ట్యూబు ద్వారా వెనక్కి రానివ్వడం, శుభ్రంగా వచ్చేదాకా. ఎనీమా వేరు, అది వేరు. దాంతో పాటు యాంటీబయాటిక్ ఇచ్చారు. అప్పుడు రాసిచ్చిన డిశ్చార్జ్ కాగితం ఇప్పటికీ పర్సులో పెట్టుకుని తిరుగుతాను, కొత్త డాక్టర్‌కి ముందు అదే చూపిస్తాను.

ఈమధ్య వాడు సిగ్గుపడుతున్నాడు, నేను తాకితే ముడుచుకుంటున్నాడు. తలుపు గడియ పెట్టమంటాడు, చెల్లెల్ని ఆ వైపు రానివ్వడు. జెల్లీ తనే రాసుకుంటానంటాడు, సరేనన్నాను. పెద్దయ్యాక కూడా అవసరమైతే ఇంకో దారి ఉందన్నారు: అపెండిక్స్‌తో బొడ్డు దగ్గర చిన్న దారి చేసి పై నుంచి నీళ్లు పంపడం, కమోడ్ మీద కూర్చుని ఎవరి సాయం లేకుండా తనే చేసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో మలోన్ అనే సర్జన్ 1990లో చెప్పిన పద్ధతి. మాకు ఇంకా తొందరేం లేదు. మా వాడికి సొంతంగా కంట్రోలు వచ్చే అవకాశం ఉందని డాక్టర్ గారి నమ్మకం.

అందుకే మొన్న వేసవి సెలవుల్లో ఎనీమా ఆపి, పేగుని కదిలించి మోషన్ అయ్యేలా చేసే సెన్నా సిరప్ మొదలుపెట్టాం. బడి లేని రోజుల్లోనే ఈ ప్రయత్నం చేయాలన్నారు. మొదటి మూడు రోజులు కడుపునొప్పి, చెడ్డీలు మళ్లీ బకెట్‌లో. నాలుగో రోజు పొద్దున దోశ తింటూ తింటూ ఆగి "అమ్మా, వస్తోంది" అని చేయి కూడా కడుక్కోకుండా పరుగెత్తాడు. అందుకున్నాడు. ఎనిమిదేళ్లలో వాడికి వస్తోందని వాడే చెప్పడం అదే మొదటిసారి. కానీ మూడో వారం ఎక్స్‌రేలో మళ్లీ కొంచెం పేరుకున్నట్టు కనిపించింది, జూన్‌లో బళ్లు తెరిచేసరికి ఎనీమాకే తిరిగొచ్చాం. దసరా సెలవుల్లో ఇంకోసారి చూస్తాం. సెన్నా డోసు ఎంత పెంచాలో రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అతికించాను. దాని కింద వాడు పెన్సిల్‌తో సెలవులకి ఇంకా ఎన్ని రోజులో రోజూ కొట్టేస్తూ వస్తున్నాడు.