ఐరన్ ఎక్కువైతే: ఐపీ6 మాత్రలా, రక్తం తీయించుకోవడమా?

బెంగళూరులో మనవాళ్లు చెకప్‌లో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను సూచించే పరీక్ష) ఎక్కువ రాగానే, ఐరన్ తగ్గిస్తుందని ఐపీ6 మాత్రల సీసా ఆర్డర్ పెట్టేస్తున్నారు. ఆగండి. ముందు పరగడుపున ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చెప్పే పరీక్ష) చేయించుకోండి. 45 శాతం లోపుంటే ఫెరిటిన్ పెరగడానికి ఐరన్ కాకుండా ఫ్యాటీ లివర్ లాంటిది కారణం కావచ్చు.

పనితీరు: ఐపీ6 అంటే తవుడులో ఉండే ఫైటిక్ యాసిడ్. భోజనంతో వేసుకుంటే ఆ పూట తిండిలోని ఐరన్‌ని పేగులోనే కొంత పట్టేస్తుంది. కాలేయంలో పేరుకున్నదాన్ని తీస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. అదే 450 మి.లీ. రక్తం తీస్తే 200–250 మి.గ్రా. ఐరన్ పోతుంది. తేడా ఇక్కడే ఉంది.

ఖర్చు: సీసా నెలనెలా కొనాలి. రక్తం తీయించుకోవడానికి డాక్టర్ చీటీ, ప్రతిసారీ హిమోగ్లోబిన్ పరీక్ష.

రిస్క్: మాత్రతో జింక్ కూడా ఒంటబట్టడం తగ్గుతుంది. రక్తం తీస్తే కళ్లు తిరగొచ్చు. టిఫిన్ తిని, నీళ్లు బాగా తాగి వెళ్లండి.

హీమోక్రొమటోసిస్ (ఒంట్లో ఐరన్ పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు) ఖాయమైతే రక్తం తీయించుకోవడమే. తలసీమియాతో రక్తం తక్కువున్నవాళ్లకు అది కుదరదు, ఐపీ6 చాలదు. ఐరన్‌ని బయటికి పంపే డెఫెరాసిరాక్స్ లాంటి మందు డాక్టరే రాయాలి. ఐపీ6 మాత్ర వాడాలనుకుంటే డాక్టర్‌కి చెప్పి, చికిత్సకు తోడుగానే.