రోజూ టై కట్టేవాడిగా సిల్క్ టై, పాలిస్టర్ టై, బో టై మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తా, టై కొనేటప్పుడు డిజైన్ తర్వాత చూడండి, ముందు వెనక్కి తిప్పి కుట్టు చూడండి. నేను విజయవాడలో మెడికల్ రెప్‌ని, ఏళ్ల తరబడి రోజూ టై కడుతున్నా, మే నెల ఎండలో బైక్ మీద క్లినిక్‌ల చుట్టూ తిరిగేటప్పుడు కూడా. పాలిస్టర్ టైలు చాలానే వాడా, కొన్నాళ్లకే ముడి పడే చోట మెరుపు తేలిపోతుంది, కింది కొస వంకర తిరుగుతుంది. మా బావ లండన్ నుంచి తెచ్చిన నేవీ బ్లూ సిల్క్ టై మాత్రం అన్నిటికంటే ఎక్కువగా కట్టినా ఇప్పటికీ తిన్నగా దిగుతుంది.

దానికి కారణం కటింగ్. మన టైలర్లు ఐమూల అంటారు చూడండి, అలా 45 డిగ్రీల్లో గుడ్డ కోసి మూడు ముక్కలు కలిపి కుడతారు, 1920లలో న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టైల తయారీదారు ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఈ రోజు మనం కట్టే టై దాదాపు ఆయన టైయే. ఐమూల గుడ్డకి సాగే గుణం ఉంటుంది కాబట్టి లాగినా మళ్లీ తన షేప్‌కి వచ్చేస్తుంది. లోపల ఉన్ని లైనింగ్, వెనక పొడవునా వదులుగా వేసిన చేతికుట్టు, చివర్లో చిన్న దారం లూప్ వదిలేసి ఉంటుంది, దయచేసి ఆ దారం కత్తిరించకండి, టై సాగి వెనక్కి రావడానికే అది.

ముడి విషయానికొస్తే నాది ఎప్పుడూ ఫోర్-ఇన్-హ్యాండ్. కొంచెం ఒక పక్కకి ఉంటుంది, అదే దాని అందం. డబుల్ విండ్సర్ పెద్దగా సమానంగా వస్తుంది కానీ సన్న ముఖానికి, చిన్న కాలర్‌కి అస్సలు నప్పదు, పైగా ఆ పేరుకి కారణమైన డ్యూక్ ఆఫ్ విండ్సర్ (గద్దె వదులుకున్న బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్) కట్టింది కూడా ఆ ముడి కాదు, మందమైన లైనింగ్‌తో టైలు కుట్టించుకుని మామూలు ఫోర్-ఇన్-హ్యాండే వేసేవాడు! 1999లో కేంబ్రిడ్జ్ ఫిజిసిస్టులు ఫింక్, మావో లెక్కలు కట్టి మామూలు టైని 85 రకాలుగా ముడి వేయొచ్చని తేల్చారు, నాకు మాత్రం ఆ ఒక్కటి చాలు.

చారల టై అయితే ఒక సంగతి తెలిసుండాలి. బ్రిటన్‌లో చారలంటే ఫలానా రెజిమెంట్‌దో స్కూల్‌దో క్లబ్‌దో గుర్తు, ఎడమ భుజం వైపు నుంచి కుడికి దిగుతాయి. అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ అనే బట్టల కంపెనీ వాళ్లు దాన్ని తిరగేసి అమ్మారు. అసలు టై మొదలైందే సైనికుల మెడలో కదా, 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన క్రొయేషియా సైనికుల మెడగుడ్డ చూసి పారిస్ జనం మోజుపడ్డారు, అక్కడి నుంచి ఇంతదూరం వచ్చింది.

సిల్క్‌కి మైనస్ చెమట, నీళ్లు. ఒక్క చుక్క పడినా మరక కనిపిస్తుంది, ఉతకడానికి లేదు, డ్రై క్లీనింగ్ కూడా తరచూ చేయిస్తే గుడ్డ చచ్చిపోతుంది. సాయంత్రం ముడి లాగి పీకకుండా కట్టిన వరసలోనే విప్పి హ్యాంగర్‌కి వేస్తా, ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టను, ఆవిరి పట్టిస్తా అంతే. టైలని ఎవరూ రోజూ ఉతకరు కాబట్టే 2007లో ఇంగ్లండ్ ఆరోగ్యశాఖ పేషెంట్లని చూసేటప్పుడు డాక్టర్లు టై కట్టొద్దని చెప్పింది, అది సబబే అంటాను.

బో టై నేను పెళ్లి రిసెప్షన్లకే వాడతా. మన పెళ్లికొడుకులు వేసుకునే రెడీమేడ్ క్లిప్ రకం ఫొటోలో అచ్చు గుద్దినట్టు ఉంటుంది, ప్రాణం ఉండదు. చేత్తో కట్టే రకం తీసుకోండి, షూ లేసు ముడే అది, రెండు రెక్కలు కాస్త ఎగుడుదిగుడుగా వస్తే ఇంకా బాగుంటుంది. వెడల్పు మీ కళ్ల బయటి అంచులు దాటకుండా చూసుకోండి.

మామూలు టై కొనేముందు షాపులోనే సన్న కొస పట్టుకుని వేలాడదీయండి, మెలి తిరిగిందంటే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా పక్కన పెట్టేయండి.